తొమ్మిది గంటల నలభై నిమిషాల దూరం

ఫిబ్రవరి 3

దూరాల దొరగారికి,

నేను బాగున్నాను. నువ్వూ బాగానే ఉండి ఉంటావు, లేకపోతే ఈపాటికి పది పేజీల ఫిర్యాదు వచ్చి ఉండేది. కుశలాలు ఇంతటితో సరి.

అసలు సంగతి ఏమిటంటే, టికెట్టు కొన్నాను. విమానం టికెట్టు. మార్చి 9 ఉదయం ఏడింటికి ఇక్కడ ఎక్కుతాను, అదే రోజు పదకొండూ నలభైకి మీ ఊళ్లో దిగుతాను. పన్నెండు రోజులు నీ దగ్గర ఉంటాను. పద్నాలుగేళ్లలో తొమ్మిదిసార్లు వస్తానన్నాను. ఒకసారి నీకు ఆడిటింగు, ఒకసారి ఇంటికి రంగులు, ఒకసారి నీకు దగ్గు. దగ్గుతో ఉన్న తమ్ముణ్ణి అక్క చూడకూడదని ఏ డాక్టరు చెప్పాడో ఇప్పటికీ తెలీదు. అందుకే ఈసారి అడగడంలేదు, చెబుతున్నాను. టికెట్టు వెనక్కి తీసుకోరట, అది కూడా కనుక్కునే కొన్నాను.

కాగితం మీద ఏడుకీ పదకొండూ నలభైకీ మధ్య నాలుగు గంటల నలభై నిమిషాలేగా, మా వాడు తొమ్మిది గంటలని ఇన్నేళ్లూ బెదిరించాడేమిటని టికెట్ల ఆయన్ని నిలదీశాను. రెండు ఊళ్ల గడియారాలకీ ఐదు గంటల తేడా ఉందని ఆయన చేతి గడియారం విప్పి మరీ చూపించాడు. కాబట్టి ఆ పాఠం నువ్వు మళ్లీ చెప్పక్కర్లేదు. నీ చెయ్యి దురదపెడుతూ ఉంటుందని నాకు తెలుసు.

ఇదంతా ఫోనులో రెండు నిమిషాల్లో అయ్యేది. కానీ మాట మధ్యలో నా తప్పులు దిద్దుతున్నావని, ఫోనులో నీ గొంతు విననని రెండేళ్ల కిందట ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు ఒట్టే. ఉత్తరంలో అయితే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు నోరు మూసుకుని ఉండక తప్పదు.

నువ్వు చెప్పినట్టే దీన్ని ఇక్కడి మీ కంపెనీ బ్రాంచి కౌంటరులో ఇస్తున్నాను. పోస్టులో అయితే పన్నెండు రోజులు పట్టేది. మీ కంపెనీ సంచి రోజూ విమానంలో వెళుతుందని నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ, ఈ పదకొండు నెలలూ రెండోరోజుకల్లా నీ జవాబు నా చేతిలో ఉంటోంది. కౌంటరు అమ్మాయి మంచి పిల్ల. నన్ను చూడగానే లేచి నిలబడుతుంది, ఎందుకో.

నదివైపు గది నాకు ఉంచు.

నీ అక్క

*

ఫిబ్రవరి 4

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. ఇలాంటి పనులు నన్ను అడక్కుండా ఎందుకు చేస్తావు? దూరం అంటే నీకు ఆటగా ఉంది. పద్నాలుగేళ్లుగా నా ఉద్యోగమే అది కాబట్టి చెబుతున్నాను, విను.

ఈ రెండు ఊళ్ల మధ్య ఆకాశంలో 7,140 కిలోమీటర్లు. విమానం ఎగిరిన దగ్గర్నుంచి దిగేదాకా తొమ్మిది గంటల నలభై నిమిషాలు. కానీ మనిషి ఇంటి గుమ్మంలోంచి ఎగరడు కదా. నీ ఇంటి నుంచి విమానాశ్రయానికి గంటన్నర. అక్కడ మూడు గంటల ముందు ఉండాలి. దిగాక కాగితాలు చూపించే వరసలో రెండు గంటలు. అక్కడి నుంచి మా ఇంటికి గంటా పది. అన్నీ కలిపితే పదిహేడు గంటల ఇరవై నిమిషాలు. కుట్టుమిషను ముందు రెండు గంటలు కూర్చుంటేనే నడుం పట్టేసిందని రాసేదానివి, ఇది ఎలా తట్టుకుంటావు? పైకి వెళ్లగానే చెవులు మూసుకుపోతాయి. పాదాలు వాచి చెప్పుల్లో పట్టవు. పక్క సీటువాడు నిద్రపోయి నీ భుజం మీద వాలతాడు, విమానంలో నీకు కేకలేయడం కుదరదు.

పైగా నదివైపు గది కిటికీలు మార్పిస్తున్నాను. ఇల్లంతా దుమ్ము. ఈ వేసవి పోయాక చూద్దాం. టికెట్టు తేదీ మారుస్తారేమో అడుగు.

నీ మేలు కోరే,
తమ్ముడు

*

ఫిబ్రవరి 6

చిరంజీవి తమ్ముడికి,

పదిహేడు గంటల ఇరవై! ఆ చివరి ఇరవై నిమిషాలు దేనికిరా, నేను భయపడటానికా?

చెవులు మూసుకుపోతే మంచిదే. మా కొట్టు ముందు ఆగే బస్సుల హారన్లకి ఎప్పుడో మూసుకుపోవాల్సినవి. పాదాలు వాస్తే చెప్పులు చేత్తో పట్టుకుంటాను. ఇక పక్క సీటువాడి సంగతంటావా, నా సంచిలో గుండుసూదులు ఉంటాయి. విమానంలోకి సూదులు రానివ్వరని రాయబోతున్నావు. రాయకు.

అన్నట్టు, పోయినేడాది నువ్వు అట్టపెట్టెలో పెట్టి మరీ పంపిన మీ కంపెనీ దూరాల పుస్తకం బయటికి తీశాను. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, అన్నీ వేశారు. కూర్చింది నువ్వేనని మొదటి పేజీలోనే ఉంది. నలభై నాలుగో పేజీ చూశాను. మన ఊరి నుంచి మీ ఊరికి ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. మీ ఊరి నుంచి మన ఊరికి తొమ్మిది గంటల నలభై. నీ ఉత్తరంలో తిరగేసి రాశావు. టికెట్టేమో నీ ఉత్తరం వైపు ఉంది, నీ పుస్తకం వైపు లేదు. దొరగారు పప్పులో కాలేశారా?

నేనొకసారి నీ స్కూలు చొక్కాకి ఒక గుండీ అంగుళం పైకి కుట్టానని చుట్టాలందరికీ చూపించావు. పెళ్లిళ్లలో కూడా చెప్పావు. ఇప్పుడు నాకు దొరికావు. కొట్టుకి కోటు కొలతలిచ్చేందుకు వచ్చిన నర్సమ్మకి ఆ పేజీ చూపించాను, ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఇంకా నవ్వు ఆగలేదు.

తేదీ మార్చను. కిటికీల దుమ్ము నేనే దులుపుతాను.

నీ అక్క

*

ఫిబ్రవరి 7

గౌరవనీయులైన అక్కగారికి,

అటు నుంచి ఇటు వచ్చేటప్పుడు పైన గాలి విమానానికి ఎదురు వీస్తుంది. అందుకని ఎక్కువసేపు పడుతుంది. ఇటు నుంచి అటు పోయేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. అందుకని తక్కువ. పుస్తకంలో ఉన్నది అచ్చువాళ్ల పొరపాటు.

దాన్ని ఊరివాళ్లకి చూపించి నవ్వడం నీకు సరదాగా ఉంటే చూపించుకో. మనుషుల బతుకులు ఏ గీత మీద నిలబడి ఉంటాయో నీకు తెలీదు.

మార్చి 9 నుంచి 25 దాకా నన్ను కంపెనీ పనిమీద వేరే ఊళ్లకి పంపుతున్నారు. ఇంటికి తాళం. కాబట్టి నువ్వు రావడంలో అర్థం లేదు.

తమ్ముడు

*

ఫిబ్రవరి 11

తమ్ముడూ,

నాలుగు రోజులు ఆలోచించి రాస్తున్నాను. కొట్టు కూడా తెరవలేదు, పేపరు కూడా చదవలేదు.

ఒక గడి తప్పు చూపించి నవ్వినందుకు నీకంత కోపం రాదు. నాకు తెలీదా నువ్వు? నీ అసలు బాధ వేరే. నేనక్కడికి రావడం నీకు ఇష్టంలేదు. మొదట కిటికీలు, తర్వాత చెవులు, ఆ తర్వాత గాలి, ఇప్పుడు టూరు. రేపు ఇంకేం తెస్తావు?

నేను రెండు మిషన్ల దర్జీని. నా వేళ్ల చివర్లు సూదిపోట్లతో గరుకుగా ఉంటాయి. నలుగురిలో గట్టిగా నవ్వుతాను. మీ ఆఫీసు మేడలో, నదివైపు మూడు గదుల ఇంట్లో, ఈవిడ మా అక్క అని ఎవరికైనా చూపించడానికి నీకు సిగ్గు. ఈ మాట రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది, నువ్వు చదవడానికి నాలుగు సెకన్లు కూడా పట్టదు.

మీ బావ పోయాక నాకు మిగిలింది నువ్వొక్కడివే. నీ మీద కోప్పడటానికైనా నువ్వే ఉండాలి. కానీ సిగ్గుపడేవాడి గుమ్మం ముందు నిలబడను. సూటిగా రాయి. "సిగ్గే" అని రాస్తే టికెట్టు చింపేస్తాను. ఆ తర్వాత నీకు ఉత్తరం కూడా రాయను.

అక్క

*

ఫిబ్రవరి 12

అక్కా,

సిగ్గా? నువ్వంటే నాకా?

ఎంత మాట అన్నావు! నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచిపోయాను. మీ అక్క ఏం చేస్తారని అడిగినవాళ్లందరికీ, అడగనివాళ్లకి కూడా, పద్నాలుగేళ్లుగా నీ గురించే చెబుతున్నాను. నువ్వు కుట్టిన కోటు వేసుకునే ఈ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. దాని మోచేతులు చిరిగిపోతే అతుకులేయించుకుని ఇప్పటికీ వేసుకుంటున్నాను. నన్ను ఎన్ని తిట్టినా పడతాను, ఈ ఒక్కటి అనకు. ఇంకోసారి ఇలా రాస్తే నిజంగానే మాట్లాడను.

కొట్టు నాలుగు రోజులు మూసేసి కూర్చోవడం ఏం తెలివి? వచ్చినవాళ్లు వెనక్కిపోరా? ముందు వెళ్లి కొట్టు తెరువు. ఆ బోర్డులో మొదటి అక్షరం ఊడి వేలాడుతోంది, ఎవరి నెత్తిన పడకముందే ఎక్కించు.

సిగ్గు కాదక్కా. కానీ రావొద్దు. ఎందుకని అడక్కు. నామీద నమ్మకం ఉంటే అడక్కు.

నీ తమ్ముడు

*

ఫిబ్రవరి 15

తమ్ముడూ,

నీ ఉత్తరం పదమూడో తేదీన అందింది. చదివి ఏడ్చాను, అది వేరే సంగతి. ఇప్పుడు కళ్లు తుడుచుకుని కొన్ని ప్రశ్నలు అడుగుతాను.

నిన్న కొట్టుకి విమానంలో పనిచేసే ఆవిడ యూనిఫాం సరిచేయించుకోవడానికి వచ్చింది. పొగమంచు వల్ల పదో తేదీ నుంచి పద్నాలుగో తేదీ దాకా ఈ ఊరి నుంచి ఒక్క విమానం కూడా ఎగరలేదని, ఐదు రోజులూ ఇంట్లో కూర్చుని లావైపోయానని చెప్పింది. నేను పదకొండున ఇచ్చిన ఉత్తరం పన్నెండున నీకెలా అందింది? నువ్వు పన్నెండున రాసింది పదమూడున నాకెలా వచ్చింది? 7,140 కిలోమీటర్లు ఆ సంచి నడుచుకుంటూ వచ్చిందా, పరిగెత్తిందా?

రెండోది. బోర్డులో అక్షరం ఊడింది ఎనిమిదో తేదీ సాయంత్రం. ఆ తర్వాత నేను రాసిన ఒకే ఒక్క ఉత్తరంలో బోర్డు ఊసే లేదు. నది ఒడ్డు కిటికీలోంచి మా బోర్డు కనపడుతుందా?

కౌంటరు అమ్మాయిని అడిగితే కలం కింద పడిందంది. వంగి చాలాసేపు వెతికింది. కలం బల్ల మీదే ఉంది.

జవాబు కోసం ఎదురుచూస్తాను.

అక్క

*

ఫిబ్రవరి 24

అక్కకి నమస్కారాలు.

ఆలస్యానికి క్షమించు. సంచి ఇప్పుడే చేరింది.

నువ్వడిగింది న్యాయమే. కంపెనీ సంచికి అత్యవసర ఏర్పాటు ఉంటుంది. పొగమంచు ఉంటే సంచిని కారులో పక్క ఊరి విమానాశ్రయానికి పంపుతారు. అక్కడి నుంచి చిన్న విమానంలో మరో ఊరికి, అక్కడ పెద్ద విమానానికి మారుస్తారు. మొత్తం 7,910 కిలోమీటర్లు, పదిహేను గంటలు. అప్పుడు అలా వచ్చింది. ఈసారి మాత్రం ఆ కారు చెడిపోయింది. అందుకే తొమ్మిది రోజులు పట్టింది. బోర్డు సంగతి నువ్వే ఏదో ఉత్తరంలో రాసి మర్చిపోయి ఉంటావు.

ఈ తొమ్మిది రోజులూ నీ దగ్గర్నుంచి ఏమీ లేకపోతే బెంగగా ఉంది. ఆరోగ్యం జాగ్రత్త.

తమ్ముడు

*

మార్చి 7

దొరగారికి,

చాలా బాగుంది. కారు, చిన్న విమానం, పెద్ద విమానం. ఒక ఓడ కూడా వేయాల్సింది. చెవిలో పువ్వులు పెట్టడానికి కూడా లెక్క తప్పకుండా 7,910 అని రాశావు చూడు, అక్కడ నువ్వు నా తమ్ముడివనిపించుకున్నావు. ఇన్ని అబద్ధాలు రాశావు గానీ, ఉత్తరం పైన తారీఖు మాత్రం ఒక్కసారి కూడా తప్పు వేయలేకపోయావు. అంకె దగ్గరికి వచ్చేసరికి నీ చెయ్యి అబద్ధం ఆడదు పాపం.

రెండు రోజుల్లో బయల్దేరుతున్నాను. రెండు చీరలు, ఒక దుప్పటి, సగం కుట్టిన కోటు ఒకటి పెట్టుకున్నాను. సూదులు పెట్టుకోలేదు, నీ మాట విన్నాను. నువ్వు టూరులో ఉంటే ఉండు. నువ్వుండే చోటు చూసి వస్తాను. విమానాశ్రయానికి రానక్కర్లేదు, నువ్వు రాలేవని నాకు తెలుసు.

నీకు ఇక్కడి నుంచి ఏం తేవాలో రాయి.

అక్క

*

మార్చి 8

అక్కా,

వెళ్లొద్దు.

నీ కాళ్లు పట్టుకుంటాను, వెళ్లొద్దు. అక్కడ నేను లేను. చాలాకాలంగా లేను. ఎక్కడున్నానని అడక్కు, ఎందుకని అడక్కు. ఎరగని ఊళ్లో ఒక్కదానివి దిగి ఎవరి తలుపు కొడతావు? అక్కడివాళ్లు నా గురించి ఏవో చెబుతారు. అవి నువ్వు వినడం నాకు ఇష్టంలేదు. అంతకన్నా పెద్ద కారణం లేదు.

ఇది నీకు ఈ సాయంత్రమే అందుతుంది. ఎలా అందుతుందో ఇప్పుడు దాచి లాభం లేదు.

తమ్ముడు

*

మార్చి 12

తమ్ముడూ,

వచ్చేశాను. నువ్వు అన్నేళ్లూ ఏ బల్ల మీద ఉత్తరాలు రాసేవాడివో ఆ బల్ల మీదే ఇది రాస్తున్నాను. ఇక్కడి మీ ఆఫీసులో ఇస్తే సంచిలో వేస్తారు. ఈసారి సంచి నిజంగానే విమానంలో వస్తుంది.

ముందు ప్రయాణం సంగతి. తొమ్మిది గంటల యాభై రెండు నిమిషాలు పట్టింది. నీ లెక్కకి పన్నెండు నిమిషాలు ఎక్కువ. చెవులు మూసుకుపోయాయి, ఒప్పుకుంటాను. పాదాలు కూడా వాచాయి. పక్క సీటాయన నిద్రపోలేదు, నేనే ఆయన భుజం మీద నిద్రపోయాను. పాపం కదలకుండా కూర్చున్నాడట.

తర్వాత నీ ఇల్లు. నది ఏదిరా? నీ పాత ఉత్తరాల మీదున్న చిరునామా పట్టుకుని వెతికితే సైకిళ్లు బాగుచేసే కొట్టు మీద ఒక్క గది తేలింది. నువ్వు వెళ్లాక ఎవరూ చేరలేదట, నేను అందులోనే దిగాను. పొద్దున ఎనిమిదింటి నుంచీ కింద సుత్తి మోత. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. ఆ గోడని చూస్తూ అన్నేళ్లూ నాకు నది గురించి రాశావా? వరదొచ్చిందని కూడా రాశావు ఒకసారి. నేనక్కడ రెండు రోజులు కంగారుపడ్డాను.

ఇంటి ఓనరమ్మ నేను నీ అక్కనని చెప్పగానే, "మీరా! నలభై మంది పనివాళ్లని ఎవరికి అప్పగించి వచ్చారండీ?" అంది. నాకేం అర్థంకాలేదు. తర్వాత తెలిసింది. మీ అక్కకి పెద్ద బట్టల ఫ్యాక్టరీ ఉందని, నలభై మంది కుడతారని, డాక్టర్లందరూ ఆమె కుట్టిన కోట్లే వేసుకుంటారని నువ్వు చెప్పావట. మీ ఆఫీసులోనూ అదే మాట. నాకు తల కొట్టేసినట్టయింది. రెండు మిషన్ల అక్క నీకు సరిపోలేదన్నమాట! అక్కడికక్కడే ఆవిడకి నిజం చెప్పి, నిన్ను నాలుగు తిట్టి, తర్వాతి విమానానికి వెనక్కి వచ్చేద్దామనుకున్నాను.

ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. "అందరికీ సెలవిచ్చానండీ" అన్నాను.

అబద్ధం నా నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చేసింది. అప్పుడు తెలిసింది నాకు, నువ్వెలా మొదలుపెట్టి ఉంటావో. ఇప్పుడు రోజూ ఆ నలభై మంది గురించి ఏదో ఒకటి చెప్పాల్సి వస్తోంది. నిన్న ఒకామెకి కాన్పు కూడా చేయించాను.

నీ పక్క టేబులు ఆయన భోజనానికి పిలిచాడు. మంచి మనిషి. అక్కకి చెప్పే ఉంటాడులే అనుకుని మొత్తం చెప్పేశాడు. పోయినేడాది పుస్తకంలో పోయే గంటల వరస, వచ్చే గంటల వరస తారుమారు చేశావట. ఒక పేజీలో కాదు, పుస్తకమంతా. పన్నెండు వేల కాపీలు వెళ్లిపోయాక తెలిసిందట. ఆ గంటలు నమ్ముకుని వెంటవెంటనే విమానాలు మారేలా టికెట్లు కొన్నవాళ్లు ఎందరో రెండో విమానం అందుకోలేకపోయారట. ఒక ముసలావిడ రెండు రోజులు విమానాశ్రయంలో కుర్చీలో ఉండిపోతే, ఎవరూ చెప్పకుండానే వెళ్లి ఆ రెండు రోజులూ ఆవిడ పక్కన కూర్చున్నావట. అచ్చువాళ్ల పొరపాటని నాకు రాశావు గానీ, ఇక్కడ మాత్రం తప్పు నాదేనని సంతకం పెట్టావని చెప్పాడు. ఉద్యోగం మానేయమన్నారట, లేదంటే మన ఊరి బ్రాంచిలో వెనకగదికి పొమ్మన్నారట. సొంత ఊరే కదా, సంతోషించమన్నారట.

ఆ పుస్తకం చూపించే నేను నర్సమ్మతో నవ్వాను. ఆ ఉత్తరం నువ్వు ఎలా చదివి ఉంటావో తలుచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపించింది.

నీకు తెలియని ఒక సంగతి చెబుతాను. మూడేళ్ల కిందట ఆసుపత్రి ఆర్డరు పోయిందని రాశాను, గుర్తుందా? దానంతటది పోలేదు. పద్నాలుగు తెల్లకోట్లకి రెండు చేతులూ ఎడమ చేతులే కత్తిరించాను. వాళ్లు తిప్పి పంపేశారు. నీకు చెబితే పెళ్లిళ్లలో చెబుతావని దాచాను.

ఇంకొకటి. నువ్వెక్కడున్నావో నాకు ఫిబ్రవరి 25నే తెలిసిపోయింది. బ్రాంచికి వచ్చాను. కౌంటరు అమ్మాయి వెనక చెక్క తలుపు కింద జానెడు సందు ఉంది. అందులోంచి బూట్లు కనపడ్డాయి, ఒకదాని మీద ఒకటి వేసుకుని. చిన్నప్పుడు పరీక్షకి చదివేటప్పుడు నువ్వలాగే కూర్చునేవాడివి. అడుగు తీసి అడుగు వేస్తే తలుపు. తోస్తే తెరుచుకుంటుంది. తొయ్యలేదు. నేను లాక్కొస్తే నువ్వు వస్తావు, కానీ ఆ తర్వాత జీవితాంతం దొరికిపోయినవాడిలా మా ఇంట్లో కూర్చుంటావు. అది నాకొద్దు. అందుకే ఏమీ ఎరగనట్టు బయటికొచ్చి టికెట్టు సంచిలో పెట్టుకున్నాను. తమ్ముడు అన్నేళ్లూ ఎక్కడ బతికాడో కళ్లారా చూడాలని కూడా ఉంది.

ఇప్పుడు నా మాట విను. బ్రాంచి నుంచి కొట్టు వెనకున్న మన ఇంటికి నడిచి వెళితే పాతిక నిమిషాలు. ఎదురుగాలి లేదు, మారాల్సిన విమానం లేదు. అది దాటడానికి నీకు పదకొండు నెలలు చాల్లేదు.

నేను 22న పదకొండున్నరకి దిగుతాను. విమానాశ్రయానికి రావొద్దు, అక్కడ వరసలు లెక్కపెట్టుకుంటూ నిలబడతావు. ఇంట్లో ఉండు. తాళంచెవి పక్క కొట్టు గడియారాల మేస్త్రి దగ్గర ఉంది. నేనొచ్చేసరికి తలుపుకి తాళం కనపడితే, నేనే తీసుకుని లోపలికి వెళతాను. ఇంక నీకు రాయను, బ్రాంచి గడప తొక్కను. ఇది బెదిరింపు కాదు. అలిసిపోయానురా.

అక్క

*

మార్చి 22, మధ్యాహ్నం

అక్కా,

దీన్ని ఎక్కడా వేయను. నీ మిషను మీద పెడతాను. నువ్వు ఎదురుగా ఉంటే ఇవి చెప్పలేను, నువ్వు మధ్యలో మాట్లాడతావు.

నీ ఉత్తరం పద్నాలుగున అందింది. పదిహేనున బయల్దేరి మందులషాపు మూలదాకా వచ్చి వెనక్కిపోయాను. పదిహేడున కూడా అంతే. పంతొమ్మిదిన గడియారాల మేస్త్రి ముందుదాకా వచ్చాను. ఆయన తలెత్తి చూస్తే, టైమెంతయిందని అడిగి వెళ్లిపోయాను. నిన్న సాయంత్రం మళ్లీ వచ్చాను. నేను నోరు తెరవకముందే ఆయన తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "మీరొస్తారని అమ్మగారు వెళ్లేటప్పుడే చెప్పారు" అన్నాడు.

పదకొండు నెలలూ ఆదివారం ఆదివారం నీ కొట్టుకి ఎదురుగా బస్టాపులో నిలబడేవాణ్ణి. నువ్వు తలొంచుకుని కుట్టుకుంటూ ఉండేదానివి. ఎప్పుడైనా తలెత్తి చూస్తే వచ్చేద్దామనుకునేవాణ్ణి, తలెత్తితే బస్సు వెనక్కి తప్పుకునేవాణ్ణి. తల ఎత్తుకుని తప్ప నీ గడప తొక్కనని అన్నాను కదా, వెళ్లేటప్పుడు. ఇప్పుడు ఏం మొహం పెట్టుకుని రాను? వెనకగదిలో సామాను చీటీలు లెక్కపెట్టి కట్టలు కట్టడం నా ఉద్యోగం. పడుకునేది కూడా అక్కడే. పెద్ద ఉద్యోగం పోయినందుకు కాదక్కా నా భయం. నువ్వు నవ్వుతావని. చిన్నప్పటి నుంచీ నీ తప్పులన్నీ ఏరి ఏరి చూపించినవాణ్ణి, నవ్వే హక్కు నీకుందని తెలిసే భయపడ్డాను.

నలభై మంది అబద్ధం కూడా సిగ్గుతో చెప్పింది కాదు. వెళ్లిన కొత్తలో ఆ ఊళ్లో ఎవరూ నన్ను పలకరించేవాళ్లు కాదు. నీ గురించి చెబుతుంటే వినేవాళ్లు. ఇంకా వినాలని ఇంకొంచెం కలిపేవాణ్ణి. అలా నలభై అయింది.

రాత్రి ఇక్కడే పడుకున్నాను. బోర్డులో అక్షరం ఎక్కించాను, నిచ్చెన మేస్త్రి ఇచ్చాడు. మూల పెట్టెలో పద్నాలుగు తెల్లకోట్లు కనపడ్డాయి. చూశాను. అన్నీ ఎడమ చేతులే. నేను నవ్వలేదు. కొంచెం నవ్వాను.

బట్టల సంచి మంచం కిందే పెట్టాను. కంపెనీ వాళ్లకి గది ఖాళీ చేశానని చీటీ ఇచ్చి వచ్చాను కాబట్టి వెళ్లమన్నా నాకు పోయే చోటు లేదు.

టైము పన్నెండున్నర దాటింది. విమానం దిగి ఉంటుంది, నువ్వు దారిలో ఉంటావు. తలుపు బార్లా తీసి ఉంది. వచ్చాక నీ ఇష్టం వచ్చినంతసేపు నవ్వు, నేను ఎక్కడికీ పోను. నవ్వడం అయ్యాక భోంచేద్దాం. వంట చేశాను, ఉప్పు ఎక్కువైంది. తప్పు నాదే.

తమ్ముడు